తడి చెత్త గేటు దాటితే: మున్సిపాలిటీ మీథేన్ లెక్క

చెత్త ఎత్తే సంస్థలు, అవి నగరపాలక సంస్థలైనా వాటి తరఫున పనిచేసే కంపెనీలైనా, ఈ మధ్య వాతావరణ మార్పు గురించి మాట్లాడుతున్నాయి. మంచిదే. ఆ మాటల్లో ముందుగా వినిపించేవి ఎలక్ట్రిక్ ఆటోలు, ఆఫీసు డాబా మీద సౌర ఫలకాలు, డంపింగ్ యార్డు ప్రహరీ పొడవునా నాటిన మొక్కలు. ఇవన్నీ ఫొటోలో బాగా పడతాయి. ఆ సంస్థ వల్ల గాలిలో కలిసే హరితగృహ వాయువుల్లో వీటి వాటా ఎంతో లెక్క వేస్తే మాత్రం నిరాశే మిగులుతుంది.

రోజుకు 100 టన్నుల చెత్త వచ్చే పట్టణం ఒకటి ఉందనుకుందాం. ఇంటి గుమ్మం నుంచి యార్డు దాకా టన్ను చెత్తను చేర్చడానికి 5 లీటర్ల డీజిల్ ఖర్చవుతుందని, కొంచెం ఉదారంగానే, అనుకుందాం. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 500 లీటర్లకు అది రోజుకు 1.35 టన్నులు. ఇక మన ఊళ్ల చెత్తలో దాదాపు సగం తడిదే: అన్నం, కూరగాయల తొక్కలు, పండ్లు, ఆకులు. ఆ 50 టన్నులూ ఎత్తయిన కుప్పలో పడితే, కాలక్రమంలో టన్నుకు 40 కిలోల చొప్పున 2 టన్నుల మీథేన్ పుడుతుంది. వందేళ్ల కాలానికి లెక్కగడితే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. అంటే ఆ రెండు టన్నులు 54 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. బండ్ల పొగకు అది 40 రెట్లు. మీథేన్ గాలిలో ఉండేది సగటున పన్నెండేళ్ల లోపే కాబట్టి ఇరవై ఏళ్ల కాలానికి లెక్కగట్టాలనేవారూ ఉన్నారు. ఆ లెక్కలో మీథేన్ తీవ్రత 80 రెట్లు, మన ఊహా పట్టణం కుప్ప నుంచి వచ్చేది రోజుకు 160 టన్నులు.

బండ్లన్నిటినీ ఎలక్ట్రిక్‌కు మార్చినా తగ్గేది ఆ 1.35 టన్నుల్లో ఒక భాగమే, ఎందుకంటే మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గు నుంచే వస్తోంది. వీధుల్లో పొగ తగ్గడం, డ్రైవర్ల ఊపిరితిత్తులు బాగుండడం వేరే లాభాలు. వాటి కోసం ఎలక్ట్రిక్ ఆటోలు తప్పక కొనాలి. వాటిని కొని వాతావరణ బాధ్యత తీరిపోయిందని చెప్పుకోవడమే అభ్యంతరకరం.

టన్నుకు 40 కిలోలు అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడడం అవసరం, ఎందుకంటే ఏ పని వల్ల ఎంత తగ్గుతుందో తేల్చే తాళంచెవులన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ ఇచ్చిన సూత్రం ఇది. తడి చెత్తలో ఎక్కువ భాగం నీరే. కుళ్ళగలిగే కర్బనం బరువులో 15 శాతం, అంటే టన్నుకు 150 కిలోలు. అందులో సగమే, 75 కిలోలు, నిజంగా కుళ్ళిపోతుంది. కుప్ప లోతు 5 మీటర్లు దాటితే అందులో 80 శాతం గాలి ఆడని చోట కుళ్ళుతుందని అంచనా: 60 కిలోలు. గాలి ఆడని చోట పుట్టే వాయువులో సగం మీథేన్, సగం కార్బన్ డయాక్సైడ్. కాబట్టి మీథేన్ వైపు వెళ్లేది 30 కిలోల కర్బనం. దానికి హైడ్రోజన్ బరువు కలిస్తే 40 కిలోల మీథేన్. మిగతా సగమైన కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కలోకి తీసుకోరు. అది మొక్కలు గాలి నుంచి పీల్చుకున్నదే, తిరిగి గాలిలో కలుస్తోందంతే.

ఇందులో ఆ 80 శాతం అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. అది కుప్ప తీరును బట్టి మారుతుంది. 5 మీటర్ల లోపు పల్చటి కుప్పలో అది 40 శాతమే. చిన్న ఊళ్లలో చెరువు గట్టు పక్కన పారబోసే చెత్త ఈ కోవలోకి వస్తుంది. పశువులు తిన్నంత తిని, ఎండ పీల్చినంత పీల్చి, మిగిలినదాంట్లో చాలావరకు గాలి తగులుతూనే కుళ్ళుతుంది. అదే చెత్తను గొయ్యి తవ్వి, అడుగున ప్లాస్టిక్ పొర పరిచి, రోలర్లతో తొక్కించి, మట్టి కప్పే 'శాస్త్రీయ' ల్యాండ్‌ఫిల్‌లో వేస్తే అది 100 శాతం. టన్నుకు 20 కిలోల మీథేన్ పుట్టే చోట 50 కిలోలు పుడుతుంది. భూగర్భ జలాలకు, చుట్టుపక్కల జనానికి శాస్త్రీయ ల్యాండ్‌ఫిల్లే మేలు, సందేహం లేదు. కానీ వాయువును పట్టే గొట్టాలు లేకుండా, తడి చెత్తను ఆపకుండా కట్టిన ల్యాండ్‌ఫిల్ వాతావరణానికి పాత చెత్త దిబ్బ కంటే రెండున్నర రెట్లు చేటు. పారిశుధ్యంలో ముందడుగు, వాయువుల్లో వెనకడుగు కావచ్చన్నమాట. ఈ చిక్కును టెండరు పత్రాలు రాసేవారు పట్టించుకున్న సందర్భాలు అరుదు.

మరి గొట్టాలు వేసి వాయువును పట్టుకోవచ్చు కదా? పట్టుకోవచ్చు. ఎంత చిక్కుతుందనేది వాన మీద ఆధారపడి ఉంటుంది. ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు మించి వర్షం పడే ఉష్ణ ప్రాంతాల్లో ఆహార వ్యర్థాలు ఎంత త్వరగా కుళ్ళుతాయంటే, వాటి నుంచి రావలసిన వాయువులో మూడో వంతు మొదటి ఏడాదిలోనే వెళ్లిపోతుంది. మూడేళ్లకు 70 శాతం, అయిదేళ్లకు 86 శాతం. ల్యాండ్‌ఫిల్‌లో ఒక గడిని నింపి, మూసి, బావులు తవ్వి, గొట్టాలు బిగించి, కంప్రెసర్ ఆన్ చేసేసరికి ఆ ఏళ్లు గడిచిపోతాయి. ముంబయి లాంటి చోట, మన కోస్తాలో విశాఖ లాంటి చోట పట్టుకోవలసిన వాయువు పట్టే ఏర్పాటు కంటే ముందే పోతుంది. అనంతపురం లాంటి పొడి నేలలో ఇదే ప్రక్రియ చాలా నెమ్మది. సగం వాయువు రావడానికే ఎనిమిదేళ్లు పట్టవచ్చని అదే సూత్రం చెబుతుంది. హైదరాబాద్ సగటు వర్షపాతం కూడా ఆ 1000 గీతకు దిగువనే ఉంటుంది. కాబట్టి ఆ నగరం డంపింగ్ యార్డు ఉన్న జవహర్‌నగర్‌లో పేరుకున్న కోటి టన్నులకు పైబడిన పాత చెత్తను మట్టితో, ప్లాస్టిక్ పొరతో కప్పి వాయువు గొట్టాలు వేయడాన్ని వృథా అని కొట్టిపారేయడం తగదు. అక్కడ ఇంకా పట్టుకోదగినది ఉంటుంది. ఒకే వైద్యం అన్ని ఊళ్లకూ పనిచేయదని చెప్పడానికే ఇదంతా.

సూత్రం లెక్కలు సరే, నిజంగా గాలిలో ఎంత ఉంది? ఉపగ్రహాలు ఇప్పుడు ఈ ప్రశ్నకు కొంత జవాబు ఇస్తున్నాయి. ఢిల్లీ, ముంబయి, లాహోర్, బ్యూనస్ ఐరిస్ నగరాల మీద జరిపిన ఒక పరిశీలన 2022లో వెలువడింది. ఆ నగరాల్లోని ఒక్కో ల్యాండ్‌ఫిల్ గంటకు 3 నుంచి 29 టన్నుల మీథేన్ వదులుతోందని, నగరాల నుంచి వెలువడే మొత్తం మీథేన్, అప్పటిదాకా వేసిన అంచనాల కంటే 1.4 నుంచి 2.6 రెట్లు ఎక్కువగా ఉందని తేలింది. కాగితం మీద లెక్క తక్కువ చూపుతోందని అర్థం. మీథేన్‌కు వాసన లేదు, రంగు లేదు. యార్డు దగ్గర ముక్కు పగిలేలా వచ్చే కంపు హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి తోటి వాయువులది. అయితే ఆ కంపు వస్తోందంటే లోపల గాలి ఆడడం లేదని, మీథేన్ కూడా పుడుతోందని గుర్తు. జవహర్‌నగర్, విశాఖ యార్డు ఉన్న కాపులుప్పాడ చుట్టుపక్కల జనం ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదులు ఒక రకంగా వాతావరణ కొలతలే.

గేటు ముందు పని

తడి చెత్త యార్డు గేటు దాటిన తర్వాత ఏం చేసినా కొంత నష్టం జరిగిపోయినట్టే. దాటకముందు ఆపితే లెక్క ఒక్కసారిగా మారుతుంది. టన్ను తడి చెత్తను గాలి తగిలేలా తిప్పుతూ కంపోస్ట్ చేస్తే దాదాపు 4 కిలోల మీథేన్, పావు కిలో నైట్రస్ ఆక్సైడ్ వస్తాయని అంచనా. నైట్రస్ ఆక్సైడ్ 273 రెట్ల తీవ్రత గలది కాబట్టి పావు కిలో అని తేలిగ్గా తీసుకోకూడదు. రెండూ కలిపి సుమారు 175 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కుప్పలో వేస్తే వచ్చే 1,080 కిలోల ముందు అది ఆరో వంతు. ఇక్కడ ఖరీదైన యంత్రం ఏమీ లేదు. షెడ్డు, పార, తిప్పే మనిషి, నీరు, కాస్త ఓపిక. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో చెత్త నుంచి సంపద సృష్టి కేంద్రాల పేరుతో, తెలంగాణ పల్లెల్లో సెగ్రిగేషన్ షెడ్ల పేరుతో ఈ షెడ్లు ఇప్పటికే కట్టి ఉన్నాయి. చాలాచోట్ల లోపించినది తిప్పే మనిషికి జీతం. తిప్పకుండా వదిలేసిన కంపోస్ట్ గుట్ట లోపల చిన్న సైజు డంపింగ్ యార్డే అవుతుంది.

రెండో దారి బయోగ్యాస్. గాలి లేకుండా కుళ్ళబెట్టడమే ఇది కూడా, కాకపోతే మూసిన ట్యాంకులో. కుప్పలో గాలికి పోయే మీథేన్ ఇక్కడ ఇంధనమవుతుంది. ఇందోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిన ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడి చెత్త, దాని నుంచి 17 టన్నుల బయో సీఎన్‌జీ, అంటే బండ్లకు వాడేలా శుద్ధి చేసిన, దాదాపు అంతా మీథేనే అయిన వాయువు. భాగించి చూస్తే టన్ను చెత్తకు 31 కిలోలు. కుప్పలో టన్నుకు 40 కిలోల మీథేన్ అన్న సూత్రం పక్కన ఈ అంకెను పెట్టి చూడండి. రెండూ ఒకే కొలమానంలో ఉన్నాయి. సూత్రం ఊహించిన వాయువు నిజంగానే చెత్తలో ఉందనడానికి ఇందోర్‌లో దానితో నడిచే సిటీ బస్సులే సాక్ష్యం.

ఇందోర్ ప్లాంటు గురించి చెప్పేవారు దాని యంత్రాల గురించి చెబుతారు. దాని వెనుక ఉన్నది ఇంటింటి దగ్గర తడి, పొడి వేరుచేసే అలవాటు. ప్లాస్టిక్ సంచి, కొబ్బరి బోండం, పాత గుడ్డ కలిసి వచ్చిన తడి చెత్త ట్యాంకులోకి వెళితే పంపు మూసుకుపోతుంది. దేశంలో మూలపడిన అనేక బయోగ్యాస్ ప్లాంట్ల కథ ఇంతే. అందుకే అసలు కలవడానికే వీలులేని చోట మొదలుపెట్టడం తెలివైన పని. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఇందుకు మంచి ఉదాహరణ. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అభివృద్ధి చేసిన పరిజ్ఞానంతో అక్కడ రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలను తీసుకునే ప్లాంటు పెట్టారు. రోజుకు 500 యూనిట్ల కరెంటు, క్యాంటీన్‌లో వంటకు గ్యాస్ వస్తాయని చెప్పారు. మార్కెట్లో పడేది కుళ్ళిన టమాటా, క్యాబేజీ ఆకులే. వేరుచేయమని ఎవరినీ బతిమాలనక్కర్లేదు.

ఈ తర్కాన్ని ముందుకు తీసుకెళితే సంస్థకు ఒక వరుస దొరుకుతుంది. ముందు రైతు బజార్లు, మార్కెట్ యార్డులు. తర్వాత హోటళ్లు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు. ముహూర్తాలున్న నెలల్లో ఒక ఫంక్షన్ హాలు ఒక్క రాత్రిలో పారేసే అన్నం ఒక వీధి మొత్తం నెల రోజులు పారేసేదానితో పోటీపడుతుంది. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే చోటును భారీ ఉత్పత్తిదారుగా 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే గుర్తించాయి. తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని గేటెడ్ కమ్యూనిటీలకూ, పెద్ద సంస్థలకూ అవి చెప్పాయి. పదేళ్లు గడిచాయి. తనిఖీ చేసే సిబ్బంది లేని నిబంధన ఎంత పనిచేయాలో అంతే పనిచేసింది. ఇళ్లు ఈ వరుసలో చివర వస్తాయి, ఎందుకంటే అది అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టే పని. అసాధ్యం మాత్రం కాదు. 2000ల తొలి ఏళ్లలోనే సూర్యాపేట ఇంటింటి సేకరణతో, వర్మీ కంపోస్ట్‌తో దేశంలోని ఇతర పట్టణాల వారు వచ్చి చూసే స్థాయికి చేరింది. అప్పుడు ఉపగ్రహాలూ లేవు, కార్బన్ క్రెడిట్లూ లేవు. పట్టుబట్టిన కమిషనరు, రోజూ ఇంటికి వచ్చే బండి ఉన్నాయి.

బయోగ్యాస్ ప్లాంటు పెట్టినవారు ఒక విషయం మరవకూడదు. పుట్టిన మీథేన్‌లో పదో వంతు పైపుల అతుకుల దగ్గర, మూత సరిగా లేని స్లరీ ట్యాంకుల దగ్గర కారిపోతే, ఆ నష్టం కంపోస్ట్ షెడ్డు నుంచి వచ్చే మీథేన్‌తో సమానమవుతుంది. లీకులు వెతికే చేతి పరికరం ప్లాంటు ఖర్చులో చిల్లర. అయినా చాలా ప్రాజెక్టు నివేదికల్లో దాని ఊసే ఉండదు.

కాల్చితే సరిపోతుందా

తెలుగు రాష్ట్రాలు ఎక్కువగా మొగ్గింది కాల్చివేత వైపు. జవహర్‌నగర్‌లో 19.8 మెగావాట్లతో మొదలైన విద్యుత్ ప్లాంటు, విశాఖపట్నం, గుంటూరు ప్రాంతాల్లో చెరో 15 మెగావాట్ల ప్లాంటు చెత్తను మండించి కరెంటు తీస్తున్నాయి. మండిన చెత్తలో మీథేన్ పుట్టదు, అది నిజమైన లాభం. అయితే ప్లాస్టిక్ అంటే గడ్డకట్టిన పెట్రోలియం. టన్ను ప్లాస్టిక్ మండితే 2.75 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అదే ప్లాస్టిక్ భూమిలో ఉంటే వందల ఏళ్లు కదలదు. భూమికి అది వేరే రకం చేటు, వాయువుల లెక్కలో మాత్రం సున్నా. కాబట్టి తడి, పొడి కలిసిన చెత్తను కుప్పలో వేయడంతో పోలిస్తే కాల్చివేత గెలుస్తుంది. తడిని ముందే తీసేసిన ఊళ్లో, మిగిలిన ప్లాస్టిక్‌ను కాల్చడం పాతిపెట్టడం కంటే ఎక్కువ వాయువులు వదులుతుంది. పైగా సగం నీరున్న చెత్త సరిగా మండదు. ఆ నీటిని ఆవిరి చేయడానికే వేడిలో పెద్ద భాగం పోతుంది. ఎటు చూసినా తడిని వేరుచేయడం దగ్గరికే తిరిగి వస్తాం.

బొగ్గు కరెంటును తప్పించాం కాబట్టి అది మా ఖాతాలో జమ వేసుకుంటాం అని ప్లాంట్లు వాదిస్తాయి. ఈరోజు అందులో కొంత న్యాయం ఉంది. గ్రిడ్‌లో సౌర విద్యుత్ పెరిగేకొద్దీ ఆ జమ కరిగిపోతుంది. ప్లాంటు ఒప్పందం మాత్రం పాతికేళ్ల దాకా ఉంటుంది.

ఇక బయోమైనింగ్. పాత గుట్టను తవ్వి, జల్లించి, మట్టి, ప్లాస్టిక్ వేరుచేసే ఈ పని స్వచ్ఛ భారత్ రెండో దశ మొదలైన 2021 నుంచి ఊరూరా జోరందుకుంది. భూమి తిరిగి వస్తుంది, మంటలు తగ్గుతాయి. 2023 మార్చిలో కొచ్చి దగ్గర బ్రహ్మపురంలో రోజుల తరబడి ఆరని మంటను చూసినవారు దాన్ని చిన్న లాభం అనరు. కానీ వానలు బాగా పడే ఊళ్లో పదేళ్ల పాత గుట్టలో మీథేన్ ఇవ్వవలసిన అన్నం, కూరగాయలు ఎప్పుడో ఇచ్చేశాయి. ఆ గుట్టను తవ్వి 'ఇన్ని వేల టన్నుల ఉద్గారాలు తగ్గించాం' అని రాసుకోవడం చచ్చిన పామును కొట్టడమే. పక్కనే కొత్త గుట్ట లేస్తుంటే అసలు కథ అక్కడ నడుస్తున్నట్టు.

కాయితం మీద ఒక ఊరు, నేల మీద మరొకటి

సంస్థ తన ఉద్గారాల పట్టిక తయారుచేసేటప్పుడు రెండు చోట్ల జారిపడే వీలుంది. ఒకటి, ఎవరి ఖాతా అనేది. తన బండ్లు, తన యార్డు నుంచి నేరుగా వచ్చేవి స్కోప్ 1. కొన్న కరెంటువి స్కోప్ 2. ఇతరుల ద్వారా జరిగేవి స్కోప్ 3. యార్డును కంపెనీకి అప్పగించాం కాబట్టి అది మా ఖాతా కాదని కార్పొరేషన్, చెత్త మాది కాదు ఊరిది అని కంపెనీ అంటే, కుప్ప ఎవరి పట్టికలోనూ కనిపించకుండా పోతుంది. నిర్వహణ ఎవరి చేతిలో ఉంటే వారి స్కోప్ 1లో అది తప్పనిసరిగా ఉండాలి. రీసైక్లింగ్ వల్ల, కరెంటు అమ్మకం వల్ల మరెక్కడో తగ్గిన ఉద్గారాలను విడిగా చూపాలి. యార్డు మీథేన్ నుంచి వాటిని తీసివేసి 'నికరం' అని రాయడం పాఠకుడిని పక్కదోవ పట్టించడమే. అన్నట్టు, పాత ఫ్రిజ్‌లు తీసుకునే సంస్థలు మరో చిన్న గడి కలపాలి. వాటిలో చాలావాటిలో ఉండే ఆర్-134ఏ అనే వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 1,500 రెట్లు తీవ్రమైనది. తుక్కు షాపులో రాగి కోసం గొట్టం కత్తిరించిన క్షణంలో అది గాలిలో కలుస్తుంది.

రెండోది కాలం. ఈ ఏడాది వేసిన చెత్త ముందుముందు ఇవ్వబోయే మీథేన్ మొత్తాన్ని ఈ ఏడాదికే రాయడం ఒక పద్ధతి. పాత చెత్త, కొత్త చెత్త కలిపి ఈ ఏడాది నిజంగా ఎంత వదిలాయో రాయడం రెండో పద్ధతి. రెండో పద్ధతిలో, ఈరోజు తడి చెత్తను పూర్తిగా ఆపినా అంకె కొన్నేళ్లపాటు నెమ్మదిగానే దిగుతుంది, పాత పాపం ఇంకా ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి. మంచి పని చేసిన కమిషనరు బదిలీ అయ్యాక ఫలితం కనిపిస్తుంది. అందుకే నిర్ణయాలకు మొదటి పద్ధతి, నివేదికలకు రెండోది వాడితే మేలు. ఏడాదికో పద్ధతి మార్చి తగ్గుదల చూపించే వీలు మాత్రం ఇవ్వకూడదు.

ఇవన్నీ తెలిసినా పని జరగకపోవడానికి కారణం ఒప్పందాల్లో ఉంది. చాలా నగరాల్లో కాంట్రాక్టరుకు డబ్బు వచ్చేది యార్డు కాటా మీద తూగిన టన్నుల లెక్కన. దీన్నే టిప్పింగ్ ఫీజు అంటారు. చెత్తలో బరువైనది తడే. ఒక కాలనీ తన తడి చెత్తను తానే కంపోస్ట్ చేసుకుంటే కాంట్రాక్టరుకు ఆదాయం తగ్గుతుంది. తడి, పొడి వేరుగా ఎత్తడానికి ఖర్చు పెరుగుతుంది. ఇంటివారు విడివిడిగా ఇచ్చిన రెండు డబ్బాలనూ ఒకే ఆటోలో కలిపేసే దృశ్యం మీద జనం ఆటో కార్మికుడిని తిడతారు. అతను ఆ ఒప్పందాన్ని అమలుచేస్తున్నాడంతే. వేరుచేసి ఎత్తిన తడి చెత్తకు ఎక్కువ ధర, కలిపి తెచ్చిన టన్నుకు తక్కువ ధర, ఏటా యార్డుకు చేరే తడి చెత్త తగ్గితే అదనపు చెల్లింపు అని రాయడానికి కొత్త సాంకేతికత ఏదీ అవసరం లేదు. కావలసింది కాటా పక్కన నెలకోసారి కొన్ని లోడ్లను గచ్చు మీద పోసి, తడి ఎంతో పొడి ఎంతో తూచి రాసే ఇద్దరు మనుషులు, ఆ రాతలను చూసి బిల్లు పాస్ చేసే ఇంజనీరు.